వినే హృదయం – మన్రో దొర జీవితం నేర్పే పాఠం



బెంగుళూరు – హైదరాబాదు జాతీయ రహదారి మీద ప్రయాణం చేసేవారికి పెనుకొండ దగ్గరి ఎర్రమంచి గురించి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు అవి వానకోసం ఆకాశంవైపు చూస్తూ కూర్చున్న చెనిక్కాయ చేలు. 2017లో అక్కడ కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు తయారై బయటికి వచ్చాయి. అప్పటినుండి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మన కుటుంబాలలో మాటల తీరే మారిపోయింది. ఆదివారం పూజ ముగిశాక గుడి ముందు నిలబడి, మీ పొలంలో వాన పడిందా అని అడిగినవారే ఇప్పుడు, మీవాడి ఉద్యోగం పర్మనెంటు అయిందా, ఈ వారం ఏ షిఫ్టు అని అడుగుతున్నారు.

అలాంటి ఒక ఆదివారం ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. కొడుకు ఐటిఐ చదివాడు. ఫిట్టరు పనిలో మంచి మార్కులు వచ్చాయి. ఏడాది తిరగకుండా మూడు చోట్ల చేరి మూడు చోట్లా మానేశాడు. ఒకచోట తోటివాడితో గొడవ, ఇంకొకచోట సూపర్‌వైజరు నలుగురి ముందు మందలించాడని రోషం. మూడోచోట ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడికోసం ప్రార్థించండి సామీ, తెలివికి తక్కువ లేదు, ఎక్కడా నిలవడం లేదు అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది.

మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉండవచ్చు. తెలివి ఉండీ పని ఎందుకు నిలవడం లేదు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ, ఇదే నేలమీద రెండు వందల ఏళ్ళ కిందట తిరిగిన ఒక మనిషి జీవితాన్ని ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను. ఆయన మన కతోలిక తిరుసభకు చెందినవాడు కాదు, స్కాట్లాండు దేశపు ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టినవాడు. అయినా సత్యం ఎవరి జీవితంలో కనిపించినా దాన్ని గౌరవించడం మన తిరుసభ సంప్రదాయమే కదా! ఆయన పేరు థామస్ మన్రో. మన తాతముత్తాతలకు ఆయన మన్రో దొర, మన్రోలయ్య.

కొత్త పేరు, పాత సంగతి

మొదట ఒక మాట. ఇప్పుడు ఉద్యోగాల ఇంటర్వ్యూలలో భావోద్వేగ ప్రజ్ఞ అనే మాట తరచుగా వినబడుతోంది. 1990లో పీటర్ సాలవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిపై ఒక వ్యాసం రాశారు. 1995లో డానియెల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో ఈ మాట లోకమంతా పాకింది. సులభంగా చెప్పాలంటే ఇందులో అయిదు సంగతులున్నాయి. తన మనసులో ఏం జరుగుతోందో తాను ఎరగడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, దెబ్బ తగిలినా నిరుత్సాహపడక సాగిపోవడం, ఎదుటివారి మనసు గ్రహించడం, నలుగురితో కలిసి పని చేయగలగడం. పరీక్షల్లో మార్కులు ఉద్యోగం తెచ్చిపెట్టవచ్చు. ఆ ఉద్యోగంలో నిలవడానికీ ఎదగడానికీ ఈ గుణాలు కావాలని వారి బోధ.

ఇది నిజానికి కొత్త సంగతి కాదు. క్రీస్తుకు పూర్వమే అరిస్టాటిల్ అనే గ్రీకు తత్త్వవేత్త దీని గురించి ఆలోచించాడు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు ఆ ఆలోచనను మన తిరుసభ బోధలో చేర్చి ఇంకా స్పష్టం చేశారు. చెయ్యి ఎత్తాలనుకుంటే చెయ్యి లేస్తుంది. అది బానిసలాగా చెప్పినట్లు వింటుంది. కోపాన్ని పొమ్మంటే మాత్రం పోదు. భయాన్ని అణగమంటే అణగదు. అవి బానిసలు కావు, సొంత నోరున్న పౌరులవంటివి. మంచి రాజు తన ప్రజలతో మాట్లాడి, వారి మొర విని, దారిలో పెట్టినట్లుగా మన బుద్ధి మన ఉద్రేకాలను ఏలాలి. ఇదీ ఆ మహనీయుల బోధ. కోపం, దుఃఖం, భయం తమంతట తాము పాపాలు కావు. యేసుప్రభువు లాజరు సమాధి దగ్గర కన్నీరు కార్చలేదా? ప్రార్థనామందిరంలో కఠిన హృదయులను చూసి కోపించలేదా? వాటిని ఎవరు ఏలుతున్నారు అన్నదే ప్రశ్న. ఈ మాటను మనసులో ఉంచుకుని మన్రో దొర కథ వినండి.

చెవులు మందగించిన కుర్రవాడు

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండరు అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్ననాడు తట్టు సోకి, తగ్గుతూ తగ్గుతూ ఆ పిల్లవాడి వినికిడి కొంత తీసుకుపోయింది. ఆ లోపం జీవితాంతం వదలలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివాడు. స్పానిషు భాషలోని ఒక నవలను మూలంలోనే చదవాలన్న పట్టుదలతో ఆ భాషను తనంతట తానే నేర్చుకున్నాడు. ఒక వర్తకుని కార్యాలయంలో లెక్కలు రాసే పనిలో చేరాడు. ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. తండ్రి వ్యాపారం కూలిపోయింది. కుటుంబాన్ని నిలబెట్టవలసిన భారం పిల్లలమీద పడింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చోటు సంపాదించి, 1780 జనవరిలో, పద్దెనిమిదేళ్ళ వయసులో మద్రాసులో దిగాడు.

దిగిన కొత్తలోనే దెబ్బ తగిలింది. పెద్దమనిషిలా కనిపించిన ఒక పనివాడు తియ్యగా మాట్లాడి, నమ్మకం కలిగించి, ఆ కుర్రవాడు తెచ్చుకున్న బట్టలన్నీ పట్టుకుని ఉడాయించాడు. ఒంటిమీది బట్టలతో పరాయి దేశంలో నిలబడ్డాడు. ఆ చోట మరొకరైతే ఈ దేశపువాళ్ళంతా దొంగలు అని తీర్పు చెప్పి, జీవితాంతం ఆ కసిని మోసేవారు. మన్రో అలా చేయలేదు. మోసపోయిన తన అమాయకత్వాన్ని చూసి తానే నవ్వుకున్నాడు. ఒకడు చేసిన తప్పును ఊరందరిమీదా రుద్దకపోవడం చిన్న విషయమా? సూపర్‌వైజరు ఒక్కడు కసిరితే కంపెనీ అంతా చెడ్డదనుకునే మన పిల్లలు, ఒక పొరుగువాడు మాట తూలితే ఆ కులాన్నే తిట్టే మన పెద్దలు కొంచెం ఆలోచించాలి.

ఆ పనివాడిని మాత్రం మరచిపోకండి. వాడి సంగతి మళ్ళీ చెబుతాను.

పన్నెండేళ్ళ ఎదురుచూపు

తరువాతి పన్నెండేళ్ళు సైన్యంలో గడిచాయి. హైదరలీతో, ఆయన కొడుకు టిప్పు సుల్తానుతో యుద్ధాలు. చాలీచాలని జీతం. సరైన పరుపూ తలగడా లేని రాత్రులు. ఆ జీతంలోంచే తమ్ముడితో కలిసి తల్లిదండ్రులకు డబ్బు పంపేవాడు. పదవి మాత్రం పెరగలేదు. 1792 నాటికి ముప్పై ఒక్కేళ్ళు వచ్చినా ఇంకా లెఫ్టినెంటే. తనకంటే వెనకవచ్చి, పెద్దల సిఫారసులతో ముందుకుపోయినవారిని చూస్తే మనకు ఎలా ఉంటుంది? మనసు కుళ్ళుతుంది. మన్రో ఆ ఖాళీ సమయాన్ని మరో విధంగా వాడుకున్నాడు. హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. ఈ దేశపు మనుషులతో దుబాసీ లేకుండా మాట్లాడసాగాడు.

ఆ చదువే తలుపు తెరిచింది. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహలు, అంటే నేటి తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం, కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ పన్నుల పాలన చూడవలసిన సివిలు ఉద్యోగులకు దేశభాషలు రావు. అందుచేత గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఆ పనిని సైనికాధికారులకు అప్పగించాడు. కెప్టెన్ అలెగ్జాండరు రీడ్ కింద మన్రో ఏడేళ్ళు పనిచేశాడు. గుడారంలో ఉంటూ, పల్లె పల్లె తిరుగుతూ, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించే పద్ధతిని అక్కడ నేర్చుకున్నాడు. దానికే తరువాత రైతువారీ అని పేరు వచ్చింది. ప్రియ పాఠకులారా, గమనించారా? అవకాశం వచ్చిన రోజున ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నది ఆ పన్నెండేళ్ళ ఓర్పు, ఆ ఓర్పులో నేర్చిన భాష.

మన నేలమీద మన్రో

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాము నేటి అనంతపురం, కడప, బళ్ళారి ప్రాంతాలనూ కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్నీ కంపెనీకి ఇచ్చివేశాడు. అవే దత్తమండలాలు. వాటికి మన్రో ప్రధాన కలెక్టరు అయ్యాడు. ఆయన కింద నలుగురు ఉపకలెక్టర్లు. అనంతపురం ఆయన ముఖ్య స్థావరం. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు కూడా ఆయన ఏలుబడిలో ఉండేవి.

అప్పుడు ఈ సీమ పరిస్థితి ఏమిటి? యుద్ధాలతో, దోపిడీలతో చితికిపోయింది. 80 మంది పాలెగాండ్రు, వేలాది బంట్లు. ఎవరికి శిస్తు కట్టాలో, ఎవరు వచ్చి మళ్ళీ వసూలు చేస్తారో రైతుకు తెలియదు. అటువంటి దేశంలో మన్రో సైనికుల కాపలా లేకుండా గుడారం వేసుకుని ఊరూరా తిరిగాడు. ఎండైనా వానైనా ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గుడారమే ఆయన ఇల్లు, ఆయన కచేరీ. 1802 నుండి పొలం పొలం గొలుసుతో కొలిపించాడు. నేల రకాన్నిబట్టి తరం నిర్ణయించేటప్పుడు రెడ్డి, కరణం, అనుభవమున్న రైతుల మాట తీసుకునేవారు. ఎక్కువ వేశారని ఎవరైనా మొరపెట్టుకుంటే దాన్ని విని సవరించే ఏర్పాటు ఉండేది.

చిన్ననాడే వినికిడి మందగించిన మనిషి, రైతుల మాట వినడమే తన ఉద్యోగంగా మార్చుకున్నాడు. చెవి మందమైనవాడికి ఒక సంగతి తెలుసు. వినాలంటే దగ్గరకు జరగాలి, ఎదుటివాడి ముఖం చూడాలి, తొందరపడకూడదు. రెండు చెవులూ బాగున్న మనం ఈ మూడింటిలో ఏది చేస్తున్నాం?

రాజుల మొదటి గ్రంథం మూడవ అధ్యాయంలో సొలోమోను రాజు కథ మీకు తెలుసు. ఏమి కావాలో కోరుకోమని దేవుడు అడిగినప్పుడు ఆ యువరాజు దీర్ఘాయుష్షు అడగలేదు, ధనం అడగలేదు, శత్రువుల ప్రాణం అడగలేదు. ప్రజలకు న్యాయం తీర్చడానికి వివేకంగల హృదయాన్ని అడిగాడు. హీబ్రూ మూలంలో అక్కడున్న మాటకు వినే హృదయం అని అర్థం. ఉద్యోగంలో చేరబోయే ప్రతి బిడ్డా చేయవలసిన ప్రార్థన అదే.

మచ్చలు కూడా చెప్పాలి

మన్రోను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. పాలెగాండ్ర విషయంలో ఆయన చాలా కఠినంగా ఉన్నాడు. ఎందరినో వారి స్థానాలనుండి తొలగించాడు, కొందరు ఖైదు పాలయ్యారు. లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆ కాఠిన్యాన్ని తప్పుపట్టారు. పైగా ఆయన సేవించింది ఒక వ్యాపార కంపెనీని. ఆ కంపెనీకి కావలసింది శిస్తు. మన్రో ఉన్న ఏడేళ్ళలో దత్తమండలాల రాబడి సుమారు ఒకటిన్నర రెట్లు అయింది. నడుమ 1803–04లో కరవు కూడా వచ్చింది. ఈ ఎర్రనేలలో పంట ఎంతో, ఆ రాబడి ఏ చెమటనుండి వచ్చిందో మీకు నేను చెప్పాలా?

ఇక్కడే ఆ మద్రాసు పనివాడి సంగతి గుర్తు చేసుకోవాలి. ఎదుటివారి మనసు గ్రహించడమే గొప్ప అయితే వాడికి ఆ ప్రజ్ఞ లేదా? ఓడ దిగిన కుర్రవాడి భయాన్ని, ఒంటరితనాన్ని ఒక్క చూపులో కనిపెట్టాడు. ఎలా మాట్లాడితే నమ్ముతాడో తెలుసుకున్నాడు. కోపం లేదు, తొందర లేదు, ముఖంలో చిరునవ్వు చెదరలేదు. అయినా వాడు దొంగే! పునీత తోమాసుగారు వివేకాన్నీ కపటాన్నీ వేరుచేసి చెప్పారు. రెండూ పైకి ఒకే తీరున కనిపిస్తాయి, వాటి గమ్యాలు వేరు. వివేకం మేలు కోరుతుంది. కపటం మంచి దారి వేషంలో తన లాభం చూసుకుంటుంది. ఈ రోజు మన పిల్లలకు చిరునవ్వుతో మాట్లాడడం, అవతలివారిని ఒప్పించడం నేర్పే శిక్షణలు చాలా ఉన్నాయి. మంచిదే. ఆ నేర్పు ఎవరి మేలుకోసం అనే ప్రశ్నను మాత్రం ఇంట్లో తల్లిదండ్రులు, గుడిలో మేము నేర్పాలి.

మరి మన్రో ప్రజ్ఞ ఈ రెంటిలో ఏది? కలెక్టరు రైతు మనసు తెలుసుకున్నది ఎక్కువ శిస్తు పిండడానికా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు 1807లో దొరుకుతుంది.

తన గెలుపును తానే తప్పుపట్టిన రోజు

1807 నాటికి మన్రో పేరు మారుమోగింది. రాబడి పెరిగింది, అల్లర్లు అణిగాయి. పైవారు మెచ్చుకున్నారు. ఇరవై ఏడేళ్ళ తరువాత స్వదేశానికి వెళ్ళబోతున్నాడు. అటువంటి సమయంలో మనమైతే ఏం చేస్తాం? మన లెక్కలు చూపించుకుని, శాలువా కప్పించుకుని బయలుదేరుతాం. మన్రో ఆ ఆగస్టులో ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తాను వేసిన శిస్తు రైతు మోయగలిగినదానికంటే ఎక్కువగా ఉందని, భూములన్నిటిమీదా నూటికి 25 వంతులు తగ్గించాలని, బావులూ చెరువుల కింది భూములకు మరో 8 వంతులు, అంటే మొత్తంమీద మూడో వంతు తగ్గించాలని అందులో కోరాడు. తన పేరు నిలబెట్టిన అంకెలనే తగ్గించమన్నాడు!

ప్రభుత్వం వినలేదు. అంత రాబడి వదులుకోలేమని తోసిపుచ్చింది. మన్రో వెళ్ళిపోయాక ఆయన పద్ధతినే తీసివేసి, 1808 నుండి ఊళ్ళను గుత్తకు ఇచ్చింది. మొదట మూడేళ్ళకు, ఆపైన పదేళ్ళకు. గుత్త తీసుకున్నవారిలో ఎందరో చితికిపోయారు, కొందరు జైలుకు పోయారు. పల్లెలు మరింత బీదవయ్యాయి.

తన మాట తోసివేసినందుకు మన్రో అలిగి కూర్చోలేదు, రచ్చా చేయలేదు. ఎక్కడ చెప్పాలో అక్కడ చెబుతూ వచ్చాడు. 1813లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం ఇచ్చినప్పుడు, భారతీయులు నాగరికతలో తక్కువవారు కారని, వారి వ్యవసాయం, చేతిపనులు, పల్లె బడులు, అతిథి మర్యాదలు చూసి ఇంగ్లాండే నేర్చుకోవలసింది ఉందని ధైర్యంగా చెప్పాడు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయపాలన సంస్కరణకోసం మళ్ళీ మద్రాసు వచ్చాడు. 1816లో వచ్చిన చట్టాలతో గ్రామ మునసబులకు, జిల్లా మునసబులకు, పంచాయతీలకు అధికారం పెరిగింది. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు అయ్యాడు. పద్దెనిమిదేళ్ళకు కేడెట్‌గా దిగినవాడు యాభై తొమ్మిదో ఏట ఆ రాజధానికే అధిపతి!

గవర్నరు అయ్యాక చేసిన పనుల్లో ఒకటి చెబుతాను. పదమూడేళ్ళ కిందట తోసివేయబడిన ఆ తగ్గింపును దత్తమండలాల్లో అమలు చేయించాడు. ఈ పదమూడేళ్ళూ ఆ రైతుల మొర ఆయన చెవిలో ఉండిపోయింది. రైతు మనసు తెలుసుకున్నది పిండడానికే అయితే ఈ పని చేయనక్కరలేదు. ఎదుటివారి బాధ గ్రహించడం నిజమా, నటనా అని తెలిసేది మనకు నష్టం వచ్చే చోటనే.

1822లో మద్రాసు రాజధానిలోని నాటు బడుల లెక్క తీయించాడు. 1824 డిసెంబరు 31న రాసిన దీర్ఘమైన నివేదికలో, భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలని, నమ్మకం ఉంచని చోట మనిషి శీలం ఎదగదని, ఒకనాటికి ఈ ప్రజలే తమ్ము తాము ఏలుకునే రోజుకు సిద్ధం చేయాలని వాదించాడు. కింద పనిచేసేవారిని ఎలా చూడాలో ఇందులో ఉంది. మన ఇళ్ళలో పనిమనిషిని, పొలంలో కూలీని, కర్మాగారంలో కొత్తగా చేరిన కుర్రవాడిని అనుమానంతో చూస్తూ, వాళ్ళు నమ్మకంగా ఉండడం లేదని మొరపెట్టుకోవడం న్యాయమా?

పత్తికొండలో చివరి రోజు

1826లో చిన్న కొడుకు జబ్బుపడితే భార్య వాణ్ణి తీసుకుని ఇంగ్లాండు వెళ్ళింది. ఇల్లు ఖాళీ అయింది. తాను రాజీనామా ఇచ్చి, తరువాతి గవర్నరుకోసం ఎదురుచూస్తున్నాడు. పిల్లలను కువైటుకో, బెంగుళూరుకో పంపి ఖాళీ ఇంట్లో కూర్చునే మన తల్లిదండ్రులకు ఆ బాధ తెలుసు. ఆ నడుమ, ఇంటికి చేరేముందు, దత్తమండలాల ప్రజలను ఒకసారి చూసి రావాలని బయలుదేరాడు. గుత్తి చేరేసరికి పరివారంలో కలరా కనిపించింది. 1827 జులై 6 ఉదయం పత్తికొండలో ఆయనకూ సోకింది. ఆ స్థితిలో కూడా తన దగ్గర ఉన్నవారికి అంటుకుంటుందేమోనని, గుడారం వదిలి వెళ్ళమని వారిని తొందరపెట్టాడు. ఆ రాత్రే కన్నుమూశాడు. గుత్తిలో సమాధి చేశారు. 1831లో భౌతికకాయాన్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

మద్రాసు నగరంలో గుర్రంమీద ఆయన విగ్రహం ఉంది. పత్తికొండలో ఆయన పేరిట తోట వేసి బావి తవ్వించారు. వాటికంటే గొప్ప జ్ఞాపకం మన పల్లెల్లో ఉండేది. రైతులు తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు వసూలు చేసే అధికారి పేరు పిల్లలకు పెట్టుకోవడం ఎక్కడైనా చూశామా?

మన ఇంటికి ఈ పాఠం

ఇప్పుడు ఆ తల్లి దగ్గరకు తిరిగి వద్దాం. ఆమె కోరినట్లే ఆ అబ్బాయిని పిలిపించాను. అరగంటసేపు ఓర్పు గురించి, అణకువ గురించి ఉపదేశం చేశాను. తల వంచుకుని విన్నాడు. సరే ఫాదర్ అని వెళ్ళిపోయాడు. వాడు గేటు దాటాక నాకు తట్టింది. మూడోచోట ఏం జరిగిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు! వినమని చెప్పిన నేనే వినలేదు.

మరో వారం వాడి ఇంటికి నేనే వెళ్ళాను. ఈసారి అడిగి, ఊరుకున్నాను. చాలాసేపటికి చెప్పాడు. చేసిన పనికి ఓటీ డబ్బు తక్కువ లెక్కకట్టారట. అడిగితే ఎగతాళి చేశారట. కోపం న్యాయమైనదే. ఆ కోపంలో స్పానరు విసిరేసి బయటికి రావడమే నష్టం చేసింది. డబ్బూ పోయింది, ఉద్యోగమూ పోయింది. అన్యాయం మాత్రం అక్కడే మిగిలింది. ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడం కాదు. మన్రో 1807లో నోరు మూసుకోలేదు. లెక్కలతో, సరైన చోట, సరైన మాటలతో చెప్పాడు. వినకపోతే పదమూడేళ్ళు ఆ మాటను వదలలేదు. కోపానికి బుద్ధి తోడైతే అది న్యాయంకోసం పనిచేస్తుంది. బుద్ధిని తోసేస్తే మన ఇంటినే కాలుస్తుంది.

తల్లిదండ్రులారా, పిల్లవాడు డ్యూటీనుండి రాగానే జీతం ఎంత పడింది అని కాక, ఈ రోజు ఎలా గడిచింది అని అడగండి. అడిగి, జవాబు పూర్తి అయ్యేదాకా ఆగండి. యువతీయువకులారా, పని బాగా నేర్చుకోండి. పని రాని మంచితనం ఉద్యోగాన్ని నిలబెట్టదు. దానితోపాటు మీ మనసును ఏలడం నేర్చుకోండి. ఇందుకు మన తిరుసభ ఎప్పుడో నేర్పిన సాధనం ఒకటుంది. అది రాత్రి ప్రార్థనలో ఆత్మశోధన. జపమాల అయ్యాక అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఈ రోజు నన్ను ఏలింది బుద్ధా, కోపమా? ఎవరి మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పాను? రేపు ఎవరిని క్షమాపణ అడగాలి? ఈ మూడు ప్రశ్నలు చాలు. తెలిసినచోట పాపసంకీర్తనానికి రండి.

ఆ అబ్బాయి ఇప్పుడు మరోచోట పనిలో చేరాడు. అక్కడ నిలుస్తాడో లేదో నేను చెప్పలేను. మళ్ళీ ఏదైనా జరిగితే మానేసేముందు ఒకసారి వచ్చి మాట్లాడతానని మాట ఇచ్చాడు. వస్తే ముందు నేను వింటాను.

సొలోమోనుకు వినే హృదయం ఇచ్చిన ప్రభువు మన కుటుంబాలకూ దాన్ని అనుగ్రహించునుగాక! ఆమెన్.